అమ్మవారు, మాల, మాత్ర: ఒడిశా సరిహద్దు తెలుగువారు మనసు వైద్యం గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం, మల్కన్‌గిరి వైపు తెలుగు కుటుంబాల్లో ఇంటి భాష తెలుగు. బడిలో, కచేరీలో, ఆస్పత్రిలో ఒడియా. మొక్కులు రెండు రాష్ట్రాల దేవుళ్ళకీ ఉంటాయి. మనసు బాగోలేనప్పుడు ఈ తేడాలన్నీ డాక్టరు గదిలోకి మనతోపాటే వస్తాయి. వాటిని పక్కన పెట్టి వైద్యం చేస్తే సగం విషయం డాక్టరుకి చేరదు. అందుకే ఇక్కడి వాళ్ళు పదేపదే అడిగే ప్రశ్నలకి జవాబులు ఒకచోట పెట్టాం.

మా అమ్మకి "డిప్రెషన్" అంటే ఏమిటో తెలియదు. ఒళ్ళంతా మంటలు, గుండె దడ, గ్యాసు అంటుంది. ఇది మనసు జబ్బేనా?

అయ్యుండవచ్చు. మన పెద్దవాళ్ళు "దిగులుగా ఉంది" అని నోరు విప్పి చెప్పరు. తల బరువు, అరికాళ్ళ మంట, నరాల నీరసం, కడుపులో గుబులు అంటారు. అదేమీ అజ్ఞానం కాదు, బాధని ఒంటితో చెప్పడం ఇక్కడి అలవాటు. చిక్కు ఎక్కడంటే, గ్యాసు మాత్రలు, బలం ఇంజెక్షన్లు, స్కానింగులతో ఒకటి రెండేళ్ళు గడిచిపోతాయి.

ముందు థైరాయిడ్, హిమోగ్లోబిన్, షుగర్ పరీక్షలు చేయించండి. ఇవి తేడాగా ఉన్నా ఇలాంటి లక్షణాలే వస్తాయి. అవి సరిగ్గా ఉంటే నాలుగు సంగతులు చూడండి. తెల్లవారుజామున మూడింటికే మెలకువ వస్తోందా? ఇష్టమైన పని మీద కూడా మనసు పోవడం లేదా? తిండి తగ్గిందా? "నేను బతికి ఎవరికి లాభం" లాంటి మాట నోట వస్తోందా? రెండు వారాలకి పైగా దాదాపు ప్రతిరోజూ ఇలాగే ఉంటే సైకియాట్రిస్టుకి చూపించాలి. వాళ్ళు వాడే పీహెచ్‌క్యూ-9 అనే ప్రశ్నావళిలో తొమ్మిది ప్రశ్నలుంటాయి, మొత్తం 27 మార్కులు. 10 గానీ ఆపైన గానీ వస్తే గట్టిగా పట్టించుకోవాలి. దాన్ని ఒడియాలో చదివి వినిపిస్తుంటే తెలుగులో అడగమనండి. చివరి ప్రశ్న చావు ఆలోచన గురించి. ఆ ఒక్కటి పరాయి భాషలో అడిగితే చాలామంది "లేదు" అనేసి ఊరుకుంటారు.

డాక్టరుగారికి తెలుగు రాదు. మాకు ఒడియా బజారు వరకే వచ్చు. పక్కనున్న పిల్లాడితో చెప్పించొచ్చా?

పిల్లలతో వద్దు. తల్లి కన్నీళ్ళని, తండ్రి తాగుడుని, పడకగది సంగతులని పదేళ్ళ పిల్లాడు తర్జుమా చేయకూడదు. భర్త పక్కన కూర్చుని భార్య మాటలు చెప్పినా అంతే, తనకి నచ్చని మాట మధ్యలో రాలిపోతుంది. తెలుగు వచ్చిన నర్సునో ఆశా కార్యకర్తనో కూర్చోబెట్టమని అడగండి. చెప్పేవాళ్ళు పక్కన, డాక్టరు ఎదురుగా ఉండాలి. మీరు డాక్టరు ముఖం చూసి మాట్లాడండి. ఒకసారికి రెండు వాక్యాలు చెప్పి ఆగండి. మధ్యవర్తి "ఆవిడ ఏదో బాధపడుతోంది" అని కుదించకుండా, మీరు అన్నది అన్నట్టే "నాకు" అంటూ చెప్పాలి.

రెండు భాషల్లోనూ ఉన్న ఒకేలాంటి మాటలు బాగా తప్పుదారి పట్టిస్తాయి. ఒడియాలో "రాగ" అంటే కోపం. మనకి రాగం పాటలో ఉంటుంది, అనురాగంలో ఉంటుంది. మనం "అభిమానం" అంటే ప్రేమో ఆత్మగౌరవమో. ఒడియాలో "అభిమాన" అంటే సొంతవాళ్ళ మీద అలక, మనసు నొచ్చుకోవడం. "మా ఆయనకి నేనంటే అభిమానం" అన్న మాట అటు చేరేసరికి కాపురంలో గొడవగా మారగలదు. మనకి "అవసరం" అంటే కావలసినది, అక్కడ "అబసర" అంటే తీరిక, ఉద్యోగ విరమణ. కేసు కాగితంలో మీ మాటని తెలుగు మాటగానే రాసి పక్కన అర్థం రాయమనండి.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, సెక్షన్ 22 ప్రకారం జబ్బేమిటో, వైద్యమేమిటో మీకు అర్థమయ్యే భాషలో తెలుసుకునే హక్కు మీకుంది. ఈ మాట మర్యాదగా, నిదానంగా అడగండి. చాలాచోట్ల ఎవరో ఒకరు తెలుగు వచ్చినవాళ్ళు దొరుకుతారు, అడిగేవాళ్ళు లేకే పిలవరు.

జాతరలో మా అత్తకి అమ్మవారు పూనుతుంది. ఇది జబ్బా?

జాతరలో, డప్పు మోగేటప్పుడు వచ్చి, హారతి ఇచ్చాక తగ్గిపోయి, ఇంటికొచ్చి వంట చేసుకుంటే జబ్బు అనక్కర్లేదు. రాయగడ మజ్జిగౌరమ్మ దగ్గర, చైత్ర మంగళవారాల్లో తారాతారిణి కొండ మీద, రెండేళ్ళకోసారి బరంపురంలో జరిగే ఠాకురాణీ యాత్రలో పూనకాలు అందరికీ తెలిసినవే. 2022 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల వర్గీకరణ ఐసీడీ-11 కూడా, సంప్రదాయంలో భాగంగా జనం ఒప్పుకున్న పూనకాన్ని జబ్బు లెక్కలో వేయదు. పైన చెప్పిన 2017 చట్టంలో సెక్షన్ 3 మరో మాట చెబుతుంది. ఒకరి మతం, సంస్కృతి, ఊరి నమ్మకాలతో పొసగకపోవడం ఆధారంగా ఎవరినీ మానసిక రోగి అని నిర్ణయించకూడదు.

అనుమానించాల్సిన గుర్తులు వేరు. పూజ లేదు, పండగ లేదు, సంతలోనో బస్సులోనో వస్తోంది. గంటలు, రోజులు గడిచినా దిగడం లేదు. వచ్చి పోయాక ఆ మనిషి సిగ్గుతో, భయంతో కుంగిపోతోంది. పని, నిద్ర, తిండి దెబ్బతిన్నాయి. చాలాసార్లు లోపల నోరు విప్పి చెప్పుకోలేని కష్టం ఉంటుంది. కొత్త కోడలి నోట అమ్మవారు పలికితేనే ఇంట్లో మాట చెల్లుతుంటే, అమ్మవారు ఏమంటోందో అది ఆ పిల్ల మాటగా వినండి. కౌన్సెలింగ్ అక్కడి నుంచే మొదలవ్వాలి.

ఇంకొకటి ఫిట్స్. చూపు నిలిచిపోయి, ఒళ్ళు బిగుసుకుని కొట్టుకుని, నాలుక కొరుక్కుని, బట్టల్లో మూత్రం పోతే అది పూనకం కాదు. పక్కకి ఒత్తిగిలించి పడుకోబెట్టండి. చేతిలో తాళాల గుత్తి పెట్టడం, నోట్లో చెంచా దూర్చడం చేయొద్దు. 5 నిమిషాలు దాటినా ఆగకపోతే వెంటనే 108కి ఫోన్ చేయండి.

"గాలి సోకింది", "చిల్లంగి (చేతబడి) పెట్టారు" అని ఎజ్జోడి (మంత్రాలు వేసే నాటువైద్యుడి) దగ్గరికి తీసుకెళ్ళాం. డాక్టరుకి చెబితే తిడతారేమో?

చెప్పండి. తిట్టే డాక్టరు తప్పు చేస్తున్నట్టు. మంచి సైకియాట్రిస్టు తనే అడుగుతాడు: "మీకు ఇది ఎందుకొచ్చిందని అనుకుంటున్నారు? ఇంట్లోవాళ్ళు ఏమంటున్నారు? ఇప్పటిదాకా ఎక్కడెక్కడ చూపించారు?" 2013లో వచ్చిన డీఎస్ఎం-5లో (అమెరికా సైకియాట్రిస్టుల సంఘం మనసు జబ్బుల పుస్తకం) ఇలాంటి 16 ప్రశ్నలతో ఒక ఇంటర్వ్యూనే చేర్చారు. అడక్కపోతే మీరే చెప్పేయండి, ఎందుకంటే ఏం తాగించారో, ఏం పూశారో తెలియకుండా మందు రాయడం ప్రమాదం.

ఎజ్జోడు, దిసారి, గునియా, ఏ పేరుతో పిలిచినా, ఆయన దగ్గరికి వెళ్ళడం మానమని మేం చెప్పం. దిష్టి తీయడం, తాయెత్తు కట్టడం, విభూతి పెట్టడం, కోడిని మొక్కుకోవడం వల్ల మందులకి అడ్డేమీ లేదు. ఇంటిల్లిపాదికీ ధైర్యం వస్తే మంచిదే. కొన్నింటికి మాత్రం ఒప్పుకోవద్దు. వేపమండలతో కొట్టడం, వాతలు పెట్టడం, మిరపకాయ పొగ, రోజుల తరబడి తిండి పెట్టకపోవడం, గొలుసుతో కట్టడం, మాత్రలు ఆపమనడం. "మందు పెట్టారు, కక్కించాలి" అని పసర్లు తాగించడం ఇంకా ప్రమాదం. వాంతి ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు, ఒంట్లో పొటాషియం పడిపోవచ్చు, లిథియం (విపరీతమైన హుషారు, దిగులు మారిమారి వచ్చే బైపోలార్ జబ్బుకి వాడే మందు) వాడేవాళ్ళకైతే ఆ మందే విషం కావచ్చు.

"ఫలానావిడే చిల్లంగి చేసింది" అని పేరు బయటికొస్తే అక్కడితో ఆపండి. ఒంటరి ముసలమ్మల ప్రాణాలు పోయేది ఇక్కడే. ఒడిశాలో మంత్రగత్తె అని ముద్ర వేసి వేధించడాన్ని నేరం చేస్తూ 2013లోనే ప్రత్యేక చట్టం వచ్చింది.

మా ఆయన రోజూ తాగుతాడు. అయ్యప్ప మాల వేయిస్తే మానేస్తాడని అందరూ అంటున్నారు. వేయించమంటారా?

వేయించండి, కానీ ముందు ఆస్పత్రికి తీసుకెళ్ళండి. ఈ వరస తారుమారైతే ప్రాణం మీదికి వస్తుంది.

ఏళ్ళ తరబడి రోజూ సారా, ఇప్పసారా, విస్కీ తాగే మనిషి మెదడు ఆ మత్తుకి అలవాటుపడి, దానికి ఎదురుగా ఎప్పుడూ ఉరకలేస్తూ ఉంటుంది. మాల వేసుకున్న పూట చుక్క ఆగిపోతుంది, మెదడు ఉరకడం ఆగదు. ఆఖరిసారి తాగిన 6 నుంచి 12 గంటల్లో చేతులు వణుకుతాయి, చెమటలు పోస్తాయి, నిద్ర పట్టదు. 48 గంటల లోపు ఫిట్స్ రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య కొందరికి మతి తప్పుతుంది. గోడ మీద చీమలు, పాములు కనిపిస్తాయి, లేని మనుషులతో మాట్లాడతారు, పగలో రాత్రో తెలియదు, ఒళ్ళు కాలిపోతుంది. దాని పేరు డెలీరియం ట్రెమెన్స్. ఇంట్లో మాత్రం "స్వామి వంట్లోకి వచ్చాడు" అనో, "మైల తగిలింది, దీక్ష తప్పింది" అనో అనుకుని గుడికి తీసుకెళ్తారు. చన్నీళ్ళ స్నానం, ఒంటిపూట భోజనంతో ఒంట్లో నీరు, ఉప్పు ఇంకా తగ్గిపోతాయి. వైద్యం అందకపోతే మనిషి చనిపోవచ్చు.

చేయాల్సింది ఇదీ. మాల ముహూర్తానికి కనీసం 10 రోజుల ముందు జిల్లా ఆస్పత్రిలోనో మెడికల్ కాలేజీ సైకియాట్రీ విభాగంలోనో చూపించండి. రోజుకి ఎంత తాగుతాడో కుదించకుండా చెప్పండి. ఎన్ని క్వార్టర్లు, పొద్దున్నే లేవగానే తాగుతాడా, ఇంతకు ముందు మానినప్పుడు ఫిట్స్ వచ్చాయా. డయజెపామ్ లేదా క్లోర్‌డయజెపాక్సైడ్ మోతాదు తగ్గించుకుంటూ 5 నుంచి 7 రోజులు ఇస్తారు, థయమిన్ (విటమిన్ బి1) ఇంజెక్షన్లు చేస్తారు. ఇక్కడ ఒక పొరపాటు తరచుగా జరుగుతుంది. నీరసంగా ఉన్నాడని ఊళ్ళో గ్లూకోజు సీసా ఎక్కించేస్తారు. థయమిన్ ఇవ్వకుండా గ్లూకోజు ఎక్కిస్తే మెదడు దెబ్బతినవచ్చు. ముందు ఫిట్స్ వచ్చిన చరిత్ర ఉంటే, లివర్ జబ్బు ఉంటే, వయసు పైబడి ఉంటే వార్డులో చేర్చమని అడగండి.

వణుకు తగ్గి, నిద్ర కుదిరి, ఆ మాత్రలు పూర్తయ్యాక మాల వేయించండి. అప్పుడు మాల చేసే మేలు ఏ మాత్రా చేయలేదు. 41 రోజులు ఊరంతా "స్వామీ" అని పిలుస్తారు, భార్యాపిల్లలు గౌరవంగా చూస్తారు, తాగే స్నేహితులు దగ్గరికి రారు, పొద్దున్నా సాయంత్రం చేయడానికి పని ఉంటుంది. మానుకోవాలనుకునే మనిషికి కౌన్సెలర్ కోరుకునేవి సరిగ్గా ఇవే. కూలిపోయేది మాల తీసిన సాయంత్రం. అందుకే 30వ రోజుకల్లా 42వ రోజు ఏం చేయాలో మాట్లాడుకోవాలి. ఎవరితో ఉంటాడు, జీతం డబ్బు ఎవరి చేతిలో ఉంటుంది, పాత దారిలో ఇంటికి వస్తాడా, మళ్ళీ తాగకుండా నిలబెట్టే నాల్‌ట్రెక్సోన్ లేదా అకాంప్రొసేట్ మందు మొదలుపెట్టాలా అన్నది డాక్టరుతో తేల్చుకోవాలి. గురుస్వామితో కూడా ఒక మాట చెప్పి పెట్టండి. ఆయన మాటకి బరువు ఎక్కువ.

చెప్పకుండా కూరలో కలిపే "తాగుడు మాన్పించే పొడి" జోలికి పోవద్దు. అందులో డైసల్ఫిరామ్ ఉంటే, దాని మీద తాగితే రక్తపోటు ఒక్కసారిగా పడిపోతుంది. ఆ మందు తెలిసి, ఒప్పుకుని, డాక్టరు చెప్పాక వేసుకోవాల్సినది.

దీక్షలో ఉన్నాం, ఉపవాసం ఉన్నాం. మాత్రలు వేసుకోవచ్చా?

వేసుకోవాలి. అయితే అన్నిటికీ ఒకే నియమం లేదు.

ఎస్సిటలోప్రామ్, సెర్‌ట్రలైన్ లాంటి డిప్రెషన్ మాత్రలు రోజుకి ఒకటే కాబట్టి రాత్రి పలహారం తర్వాతకి మార్చుకోవచ్చు. ఖాళీ కడుపుతో వికారం రావచ్చు. స్కిజోఫ్రేనియాకి (లేని గొంతులు వినిపించడం, లేనిపోని అనుమానాలు ఉండే జబ్బు) వాడే లురాసిడోన్ కనీసం 350 కేలరీల తిండితో వేసుకుంటేనే సరిగ్గా ఒంటపడుతుంది, పాలు పళ్ళతో సరిపెడితే మాత్ర వేసుకున్నా సరిగ్గా పని చేయకపోవచ్చు.

అన్నిటికంటే జాగ్రత్తగా ఉండాల్సింది లిథియంతో. నీళ్ళు కూడా తాగని నిర్జల ఏకాదశి, ఎండాకాలంలో వచ్చే రోజా, రాయగడ ఎండల్లో కొండెక్కే మొక్కు, వీటితో ఒంట్లో నీరు తగ్గితే రక్తంలో లిథియం పెరుగుతుంది. చేతుల ముతక వణుకు, వాంతులు, విరేచనాలు, తూలుతూ నడవడం, మాట తడబడటం కనిపిస్తే మాత్ర ఆపి వెంటనే ఆస్పత్రికి వెళ్ళాలి. ఒళ్ళు నొప్పులని డైక్లోఫెనాక్ వేసుకున్నా లిథియం పెరుగుతుంది. నీళ్ళు తాగే ఉపవాసం చేసుకోండి. కుదరకపోతే ఇంట్లో ఇంకొకరి చేత చేయించండి. మన సంప్రదాయంలోనే రోగికి, బాలింతకి, పసిపిల్లలకి ఉపవాసం మినహాయింపు ఉంది. రంజాన్‌లోనూ రోగికి మినహాయింపు ఉంది.

బైపోలార్ ఉన్నవాళ్ళకి శివరాత్రి జాగారం ఉపవాసం కంటే పెద్ద ముప్పు. ఒక్క రాత్రి నిద్ర లేకపోతే చాలు, కొందరిలో ఉన్మాదం మొదలవుతుంది. లింగోద్భవం దాకా కూర్చోకుండా సాయంత్రం అభిషేకం చూసి, మాత్ర వేసుకుని పడుకోమనండి.

రెండు పంచాంగాల చిక్కు కూడా ఉంది. ఒడియావాళ్ళ కార్తీకం కుమార పున్నమి నుంచి కార్తీక పున్నమి దాకా. మనది దీపావళి అమావాస్య మర్నాడు మొదలై వచ్చే అమావాస్య దాకా. డాక్టరు "కార్తీక ఉపవాసం" అని కాగితంలో రాసుకుంటే పదిహేను రోజులు తేడా వస్తుంది. నాగులచవితి, కార్తీక సోమవారాలు ఇంగ్లిష్ తేదీలతో రాసి ఇవ్వండి.

క్యాప్సూల్ పైపొర చాలావాటిలో జిలాటిన్, అంటే జంతువుల నుంచి తీసినది. దీక్షలో అది ఇబ్బందైతే మానేయకండి, మాత్ర రూపంలో రాయమని అడగండి.

"ప్రభువు ముట్టాడు, ఇక మాత్రలెందుకు" అని ప్రార్థనలో అన్నారు. మాత్రలు మానేయాలా?

మానేయకండి. గజపతి, రాయగడ జిల్లాల సంఘాల్లో ప్రార్థన చాలామందిని నిలబెడుతోంది. ఆదివారం సహవాసం, పాటలు, పలకరించడానికి వచ్చే మనుషులు ఒంటరితనానికి మంచి మందు. కానీ స్కిజోఫ్రేనియా మాత్రలు ఆపినప్పుడు తేడా మర్నాడే తెలియదు. కొన్ని వారాలో నెలలో బాగానే ఉండి, తర్వాత జబ్బు తిరగబెడుతుంది. అందుకే "మానేశాక బాగుంది" అన్న సాక్ష్యం నిజాయితీగా చెప్పినదే అయినా మోసం చేస్తుంది.

పాస్టర్‌గారిని ఒకసారి డాక్టరు దగ్గరికి వెంట తీసుకెళ్ళండి. షుగర్ మాత్రలు, బీపీ మాత్రలు వేసుకుంటూ ప్రార్థన చేసే విశ్వాసులు ప్రతి సంఘంలో ఉంటారు. ఆ ఒక్క పోలిక చాలామంది పాస్టర్ల మనసు మారుస్తుంది.

మా అక్క మడి అంటూ రోజుకి మూడు గంటలు కడుగుతూనే ఉంటుంది. భక్తా, జబ్బా?

మడికి ఒక ముగింపు ఉంటుంది. స్నానం, తడిబట్ట, వంట, నైవేద్యం, అక్కడితో అయిపోయింది. ఓసీడీకి (వద్దనుకున్నా ఒకే ఆలోచన, ఒకే పని మళ్ళీ మళ్ళీ వచ్చే జబ్బు) ముగింపు లేదు. కడిగినది మళ్ళీ కడగాలి, "తగిలిందా, తగల్లేదా" అని పదిసార్లు అడగాలి. రోజుకి గంట దాటి పోతుంటే, చేతులు పగులుతుంటే, ఇంట్లోవాళ్ళు ఆమె చెప్పినట్టు నడవలేక గొడవ పడుతుంటే ఓసీడీ అనుకోవాలి. దేవుడి ముందు నిలబడగానే బూతులు, చెడ్డ బొమ్మలు మనసులోకి వచ్చి, "నేను పాపిని" అని లెంపలేసుకునేవాళ్ళదీ ఇదే జబ్బు. ఆ ఆలోచనలు వాళ్ళ కోరికలు కావు. దేవుడంటే అంత ప్రేమ ఉండబట్టే అవి అంత గుచ్చుకుంటాయి.

మాటలతో చేసే ఈ వైద్యానికి ఈఆర్‌పీ అని పేరు, అంటే భయపెట్టేదాన్ని ఎదుర్కొని, కడగడం లాంటి పని ఆపుకోవడం. భయాలని 0 నుంచి 100 దాకా మెట్లుగా రాయిస్తారు. 30 దగ్గరున్న మెట్టుతో మొదలుపెట్టి, ఉదాహరణకి గుమ్మం ముట్టుకుని చేయి కడగకుండా, భయం దానంతట అదే దిగేదాకా కూర్చోబెడతారు. సాధారణంగా 12 నుంచి 20 సార్లు కూర్చోవాలి. మందులు ఓసీడీకి పని చేయడానికి 8 నుంచి 12 వారాలు పడుతుంది, నాలుగో వారంలోనే "పని చేయలేదు" అని ఆపేయడం మామూలుగా జరిగే తప్పు. మెట్లు ఎక్కించేటప్పుడు కౌన్సెలర్ మతానికి విరుద్ధమైనది చేయించకూడదు. శాస్త్రం ఎంత అడుగుతుందో ఇంటి పురోహితుణ్ణి ఒక్కసారి అడిగి కాగితం మీద రాయించుకోండి. అంతవరకు భక్తి, ఆపైది జబ్బు. ఆయన్ని రెండోసారి మాత్రం అడగొద్దు, అడగడమే జబ్బుకి మేత.

బాలింత పిచ్చిగా మాట్లాడుతోంది. పురుడు రోజులు, బయటికి తీసుకెళ్ళకూడదు అంటున్నారు.

ఈ రోజే తీసుకెళ్ళండి. కాన్పయిన మూడో రోజు నుంచి కాసేపు ఏడుపు, చిరాకు మామూలే, రెండు వారాల్లో పోతాయి. నిద్రే లేకుండా తిరగడం, బిడ్డ తనది కాదనడం, గొంతులు వినిపించడం మాత్రం ప్రసవానంతర సైకోసిస్. వెయ్యి కాన్పుల్లో ఒకరిద్దరికి వస్తుంది, ఎక్కువగా మొదటి రెండు వారాల్లోనే. తల్లీబిడ్డలిద్దరికీ ప్రమాదం. పదకొండో రోజు, ఇరవై ఒకటో రోజు అని ఆగే వ్యవధి లేదు. తల్లిని, బిడ్డని ఒంటరిగా వదలొద్దు. వైద్యం అందితే బాగా కోలుకుంటారు.

కులం వల్ల పడిన అవమానాలు కౌన్సెలర్‌కి చెప్పొచ్చా? ఆయనది పెద్ద కులం అయితే?

చెప్పొచ్చు, చెప్పాలి. మొదటి రోజే ఇలా అడిగి చూడండి: "సార్, నా బాధలో కులం ఉంది. దాని గురించి ఇక్కడ మాట్లాడొచ్చా?" జవాబులోనే మనిషి తెలుస్తాడు. "ఈ రోజుల్లో అవన్నీ ఎక్కడున్నాయండీ" అంటే ఇంకొకరిని వెతుక్కోండి. ఆలోచనలు సరిదిద్దే సీబీటీ పద్ధతిలో ఒక పెద్ద తప్పు జరుగుతుంది. వేరే గ్లాసులో నీళ్ళిచ్చిన అవమానాన్ని కూడా "మీ ఆలోచన లోపం" అని దిద్దబోతారు. జరిగింది నిజం. దిద్దాల్సినది "అందుకే నేను పనికిరానివాణ్ణి" అన్న ముగింపుని. ఈ రెండింటి తేడా తెలిసినవారే మీకు కౌన్సెలర్.

బడిలో మా అబ్బాయిని "తెలెంగా" అని ఏడిపిస్తారు. శ్రీకాకుళం వెళ్తే "ఒడియావాడు" అంటారు. వాడు మాట్లాడటమే మానేశాడు.

1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరు రాష్ట్రమైనప్పుడు గీత ఊళ్ళ మధ్య నుంచి పోయింది, చుట్టరికాల మధ్య నుంచి కూడా. ఆ బరువు ఇప్పటికీ పిల్లల మీద పడుతోంది. వలసల మీద పరిశోధించిన మనస్తత్వవేత్త జాన్ బెర్రీ చెప్పిన నాలుగు దారుల్లో, ఇంటి సంస్కృతినీ చుట్టూ ఉన్న సంస్కృతినీ రెండింటినీ పట్టుకున్నవాళ్ళ మనసు మొత్తం మీద నిలకడగా ఉంటుంది. రెండింటికీ దూరమైనవాళ్ళది ఎక్కువగా దెబ్బతింటుంది.

ఇంట్లో తెలుగు మానిపించకండి. "ఒడియాలోనే మాట్లాడు, ఏడిపించరు" అనే సలహా వాడికి తన అమ్మమ్మ మాటే తప్పని నేర్పుతుంది. తెలుగు చదవడం రాయడం రోజుకి పావుగంట నేర్పండి. బడిలో క్లాసు టీచరుకి తేదీలతో సహా రాసివ్వండి. బడికి పోనని మొండికేయడం, పక్క తడపడం, కారణం లేని కడుపునొప్పి నెల దాటితే పిల్లల కౌన్సెలర్‌ని కలవండి.

మేనబావని చేసుకోనన్నానని ఇంట్లో ఎవరూ మాట్లాడటం లేదు. ఒడియా కౌన్సెలర్‌కి అర్థమే కావడం లేదు.

ఒడియా హిందువుల్లో మేనమామ కొడుకు అన్న వరస. మేనరికం అనగానే ఆ కౌన్సెలర్ ఉలిక్కిపడటం సహజం, "వద్దనడం మంచిదేగా" అని అక్కడితో ఆపేస్తుంది. మీరు కాగితం మీద చుట్టరికం గీసి చూపించండి. ఈ సంబంధం కాదంటే అమ్మకి పుట్టింటి గడప మూసుకుపోతుందని, మీ బాధంతా పెళ్ళి గురించి కాదని, అమ్మని ఒంటరిని చేశానన్న అపరాధం గురించని చెప్పండి. తర్వాతి సారి అమ్మని కూడా పిలిపించమని అడగండి.

నాన్న పోయి మూడు నెలలైంది. ఆయన పిలిచినట్టు వినిపిస్తోంది. పిచ్చా?

కాదు. దుఃఖంలో ఇది చాలామందికి జరుగుతుంది. మాసికాలు, సంవత్సరీకం పెట్టుకోండి, పోయినవారి గురించి మాట్లాడుకోవడానికి అవి తిథి ప్రకారం వచ్చే అవకాశాలు. సూరత్‌లోనో ఇంకెక్కడో పనిలో ఉండి కర్మకి రాలేకపోయినవాళ్ళకి దుఃఖం తీరడం కష్టమవుతుంది. వచ్చినప్పుడు వాళ్ళ చేత ఏదో ఒక కార్యం చేయించండి. ఆరు నెలలు దాటినా రోజు గడవకపోతే డాక్టరుని కలవాలి.

ఎవరి దగ్గరికి వెళ్ళాలి? ఊళ్ళో తెలిస్తే పిల్ల పెళ్ళి చెడుతుంది.

సైకియాట్రిస్టు ఎంబీబీఎస్ చదివిన డాక్టరు, మందులు రాస్తారు. క్లినికల్ సైకాలజిస్టు మాటలతో వైద్యం చేస్తారు, మందులు రాయరు. ఆయనకి రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి, అడగడంలో తప్పు లేదు. బరంపురం ఎంకేసీజీ మెడికల్ కాలేజీ, కొరాపుట్ మెడికల్ కాలేజీ, తెలుగులో చూపించుకోవాలంటే విశాఖపట్నం ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉన్నాయి.

ఫోన్‌లో అయితే టెలీ మానస్, 14416. 2022 అక్టోబరు 10న మొదలైంది. ఉచితం, రాత్రీపగలూ ఉంటుంది. భాష అడిగినప్పుడు తెలుగు ఎంచుకోండి. చావాలనిపిస్తున్నా, ఇంట్లో ఎవరైనా ఆ మాట అన్నా మొదట ఈ నంబరుకే చేయండి, పురుగుమందు డబ్బాలు ఇంటి నుంచి తీసేయండి. ఆత్మహత్యకి ప్రయత్నిస్తే కేసు పెడతారని ఆస్పత్రికి తీసుకెళ్ళకుండా దాచకండి. 2017 మానసిక ఆరోగ్య చట్టం సెక్షన్ 115 ప్రకారం ఆ మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే చట్టం భావిస్తుంది.

గోప్యత అదే చట్టం సెక్షన్ 23 కింద మీ హక్కు. ఊళ్ళో తెలిసినవాళ్ళున్న ఆస్పత్రి ఇబ్బందైతే పక్క జిల్లాకి వెళ్ళండి. వెళ్ళేటప్పుడు ఒకే ఒక్క కాగితం పట్టుకెళ్ళండి. ఎప్పుడు మొదలైంది, రాత్రి ఎన్ని గంటలు నిద్ర, ఇప్పటిదాకా చేయించినవన్నీ, వచ్చే మూడు నెలల ఉపవాసాల తేదీలు, వాడిన మాత్రల అట్టలు. ఓపీలో పది నిమిషాలే దొరికినా ఆ కాగితం మీ తరఫున మాట్లాడుతుంది.

గుడి దగ్గర, మఠం దగ్గర గొలుసు వేసి ఉంచితే నయమవుతుందంటున్నారు.

ఒప్పుకోకండి. 2001 ఆగస్టు 6న తమిళనాడు ఏర్వాడిలో, దర్గా చుట్టూ ఉన్న ఒక ఆశ్రయంలో నిప్పంటుకుంటే గొలుసులతో కట్టేసిన 28 మంది పారిపోలేక కాలిపోయారు. ఇప్పుడు అదే 2017 చట్టం సెక్షన్ 95 ప్రకారం మానసిక రోగిని ఏ రకంగానూ గొలుసుతో కట్టకూడదు. మనిషిని పట్టలేకపోతున్నారంటే మందు అందలేదని అర్థం. 108కి ఫోన్ చేయండి.

బరంపురంలో రాసిన మందుల చీటీ ఇచ్ఛాపురంలో, పలాసలో చెల్లుతుందా?

చెల్లుతుంది. మందు పేరు కంపెనీ పేరుతో కాకుండా అసలు పేరుతో, పెద్ద అక్షరాల్లో రాయమనండి. ఆ బ్రాండు అటు దొరక్కపోవచ్చు. పదిహేను రోజుల మందు మిగిలి ఉండగానే మళ్ళీ కొనండి. దీర్ఘకాల జబ్బు ఉండి వైకల్యం 40 శాతం, ఆపైన అని తేలితే యూడీఐడీ కార్డుకి (దివ్యాంగుల గుర్తింపు కార్డు) దరఖాస్తు చేయండి. అది దేశమంతా చెల్లుతుంది. ఆధార్‌లో పేరు ఒడియా పలుకుబడిలో ఒకలా, బడి సర్టిఫికెట్‌లో తెలుగు ఇంటిపేరుతో ఇంకొకలా ఉంటే ముందు అది సరిచేయించుకోండి. లేకపోతే పేరు తేడా దగ్గరే దరఖాస్తు ఆగిపోతుంది.